మొదటి గీత దగ్గర

తెనాలి,
16 నవంబరు 2025.

చిరంజీవి అమ్ములుకి,

కోతలు మొదలయ్యాయి, సాయంత్రం అయ్యేసరికి ఊరంతా పచ్చిగడ్డి వాసన. మీ అత్తయ్యకి మోకాలి నొప్పి కాస్త తగ్గింది. నిన్న పొద్దున మీ అమ్మ ఫోను చేసి అరగంట మాట్లాడింది. అందులో పాతిక నిమిషాలు నీ బుల్లెట్ గురించే.

నువ్వు పంపిన వీడియో నాలుగుసార్లు వేసుకున్నా. మొదటిసారి చూశా, మిగతా మూడుసార్లు కళ్ళు మూసుకుని విన్నా. ఫోనులోనే చెప్పేద్దును గానీ, నువ్వు "సరే మావయ్యా, సరే మావయ్యా" అంటూ వింటావు, పెట్టెయ్యగానే సగం మర్చిపోతావు. కాగితమైతే బండి పక్కన పెట్టుకుని చదువుకోవచ్చు. గ్రీజు చేతులతో పట్టుకున్నా చిరక్కుండా మందంగా ఉన్నది తీసుకున్నా.

ముందు తిట్టాల్సింది తిట్టేస్తాను. "సిగ్నల్ దగ్గర ఎక్సలేటర్ తిప్పితే ఒక్క క్షణం చచ్చిపోయి మళ్ళీ లేస్తోంది మావయ్యా" అని నవ్వుతూ చెప్పావు. ఆ బండేసుకుని రోజూ మెహదీపట్నం నుంచి గచ్చిబౌలి దాకా వెళ్తున్నావా? నీ వెనక సిటీ బస్సు ఉంటుంది. నువ్వు కదులుతావన్న లెక్కతో అది కదులుతుంది. నువ్వు కదలవు. నీకేమన్నా బుద్ధుందా పిల్లా? సరే, కోప్పడను. నాన్న బండి మీద ఆఫీసుకి వెళ్ళాలని నీ ముచ్చట, నాకు తెలీదా. కుడికాలి గేరు, ఎడమకాలి బ్రేకు వారం రోజుల్లో నేర్చుకున్నావని విని ఎంత మురిసిపోయానో మీ అత్తయ్యని అడుగు. కానీ ఈ పని పూర్తయ్యేదాకా బస్సులో వెళ్ళమ్మా. పది రోజులు. మావయ్య అడుగుతున్నాడు.

మీ వీధి మెకానిక్ మెయిన్ జెట్టు 90 తీసి 110 వేశాడన్నావు. స్లో కూడా పెంచాడన్నావు. ఆ కుర్రాణ్ణి నేను తప్పుపట్టను. నేనూ సరిగ్గా అదే చేశాను ఒకప్పుడు, కింద రాస్తాను. ముందు ఆ పాత 90 జెట్టు వెనక్కి తెచ్చుకో. పారేశాడంటే చెప్పు, నేను పంపిస్తా. అది వేసుకుని, స్లో యథాస్థానానికి దించాకే మిగతా పని మొదలుపెట్టు. రోగి ఇంతకుముందు మింగిన మందులు దిగకుండా నాడి చూడలేం.

ఎందుకంటున్నానో విను. నీ బండికి ఉన్నది మిక్‌కార్బ్ వీఎం 24 కార్బురేటర్. లోపలి గాలిదారి 24 మిల్లీమీటర్లన్నమాట. నువ్వు ఎక్సలేటర్ తిప్పితే కేబులు ఒక గుండ్రటి స్లైడుని పైకి లాగుతుంది. గాలిదారికి అది తలుపు లాంటిది. దానికి కింద ఒక సన్నటి సూది వేలాడుతూ ఉంటుంది. స్లైడు మూసి ఉన్నప్పటి నుంచి ఎనిమిదో వంతు తెరిచేదాకా బండి బతికేది పైలట్ జెట్టు మీద. అక్కణ్ణుంచి పావు దాకా స్లైడు అడుగున కోసిన వంపు ఎంతుందన్నది ముఖ్యం. పావు నుంచి ముప్పావు దాకా సూది. ముప్పావు దాటాకే మెయిన్ జెట్టు చేతికి వస్తుంది బండి. వీటి మధ్య గోడలేం లేవు, ఒకదాని పని పక్కదాంట్లోకి కొంత పారుతుంది. అయినా సిగ్నల్ దగ్గర మొదటి గేరులో క్లచ్ వదులుతూ నువ్వెంత తిప్పుతావు? పావు కూడా తిప్పవు. అక్కడ వచ్చిన జబ్బుకి మెయిన్ జెట్టు మారిస్తే, చెవి నొప్పికి చెప్పులు మార్చినట్టే.

ఇప్పుడు నీకు ఎప్పుడూ చెప్పని సంగతి.

మీ నాన్న ఎడమ భుజం కొంచెం కిందికి జారినట్టుండేది, గుర్తుందా? దుగ్గిరాల దగ్గర గేదె అడ్డమొచ్చి పడ్డాడని మీ ఇంట్లో చెప్పుకుంటారు. గేదె లేదు అమ్ములూ. అది 1996, నువ్వింకా పుట్టలేదు. పడిన నెల మొదట్లోనే బావ నా మెకానిక్ షెడ్డుకొచ్చి, "తిప్పగానే ఒక్క క్షణం ఊపిరి బిగబడుతోందిరా" అన్నాడు. నేను బండి స్టాండు మీదే రెండుసార్లు రేజు చేసి చూసి, బాగానే ఉంది బావా అని, మెయిన్ జెట్టు ఒక సైజు పెంచి పంపించా. వారానికి మళ్ళీ వచ్చాడు. ఇంకో సైజు పెంచా. మూడోసారి స్లో పెంచా. మూడుసార్లూ కార్బురేటర్ విప్పాను, మూడుసార్లూ బిగించేటప్పుడు హెడ్డుకి పట్టే ఆ రెండు నట్లనీ బలంకొద్దీ బిగించాను. వయసులో ఉన్నా, ఎంత బిగిస్తే అంత పనితనం అనుకునేవాణ్ణి. అది అల్యూమినియం అంచు. రెండు చెవులూ హెడ్డు వైపు లాగి లాగి విల్లులా వంగింది. నడుమ వెంట్రుకంత సందు. ఆ సందులోంచి ఇంజను దొంగగాలి లాగుతోంది. నేను జెట్లు మారుస్తూ కూర్చున్నా.

దుగ్గిరాల దాటాక లారీని దాటబోయాడు. ఎదురుగా బస్సు కనిపించింది. ఒకసారి వదిలి మళ్ళీ తిప్పాడు. ఆ తిప్పిన క్షణమే బండి ఊపిరి బిగబట్టింది. మట్టిలోకి దిగి పడ్డాడు, కాలర్ బోన్ విరిగింది. గేదె అని మీ అమ్మకి చెప్పింది ఆయనే. అక్క నన్ను ఏమంటుందోనని. ఆ గేదెని నేను ఇరవై తొమ్మిదేళ్ళు మోశాను. ఇప్పుడు ఆయన లేడు, బండి నీ చేతిలో ఉంది. అదే తడబాటు, అదే మెయిన్ జెట్టు. ఇంకా నోరు మూసుకుని ఉంటే ఆయన ముఖం ఎట్లా గుర్తుచేసుకోను?

నాలుగో రోజున చెయ్యి మెడకి కట్టుకుని షెడ్డుకి వచ్చాడు మీ నాన్న. ఒక్క మాట అనలేదు. డబ్బాలో మిగిలిన పెయింటు ఉందా అని అడిగాడు. ఆకుపచ్చది ఉంది. లెక్కల మాస్టారు కదా, జేబులోంచి స్కేలు తీసి, కుడి గ్రిప్పు పక్కన ఉండే క్లాంపు మీద కొలిచి గీతలు పెట్టాడు. గ్రిప్పు అంచు మీద ఇంకో గీత. "మొదటి గీత దగ్గర ఆగుతుంది. రెండోది దాటితే ఏ గొడవా లేదు. ఇప్పుడు చెప్పరా, ఏం మార్చాలో" అన్నాడు. స్పానర్ పట్టుకోవడం రాని మనిషి. అప్పటిదాకా నేను బండిని వాయించానే గానీ ఒక్క ప్రశ్న అడగలేదు. ఆ రోజు నుంచి షెడ్డు మూసేసిన రోజు వరకూ, తడబాటుతో వచ్చిన ఏ బండినీ గీతలు పెట్టకుండా విప్పలేదు.

నువ్వూ అదే చెయ్యి. తెల్ల టేపు ముక్క గ్రిప్పు అంచు మీద ఒకటి, కదలని క్లాంపు మీద ఒకటి అంటించు. మూసినప్పటి గీత, పూర్తిగా తెరిచినప్పటి గీత, నడుమ పావు, సగం, ముప్పావు. దానికి ముందు కేబులు చూసుకో. గ్రిప్పు కొంచెం తిరిగాక గానీ స్లైడు కదలకపోతే నీ గీతలన్నీ అబద్ధం చెప్తాయి. ఖాళీ తిరుగుడు ఒకటి రెండు మిల్లీమీటర్లు చాలు. తెల్లవారుజామున, మీ కాలనీలో కుక్కలు తప్ప ఎవరూ లేనప్పుడు, బండి వేడెక్కించి, రెండో గేరులో మెల్లగా తెరువు. తర్వాత కొంచెం గబుక్కున తెరువు. ఏ గీత దగ్గర తడబడిందో కాగితం మీద రాసుకో. మెల్లగా తెరిచినప్పుడు కూడా ఉందా, గబుక్కున తెరిస్తేనే ఉందా, అదీ రాసుకో. హెల్మెట్ లేకుండా కాలనీలో కూడా కదలకు.

గబుక్కున తెరిస్తే ప్రతి స్లైడు కార్బురేటరూ కొంత తడుముకుంటుంది, అది తెలుసుకో. స్లైడు ఒక్కసారి పైకి లేస్తే గాలి వెంటనే దూసుకొస్తుంది. పెట్రోలు బరువైనది, కింద గిన్నెలోంచి జెట్టు గుండా పైకి ఎక్కి రావాలి. పైగా దారి ఒక్కసారిగా వెడల్పయ్యేసరికి గాలి వేగం తగ్గి, పెట్రోలుని పైకి లాగే పట్టు కూడా సడలుతుంది. ఆ రెప్పపాటు ఇంజనుకి గాలి ఎక్కువ, తిండి తక్కువ. కొన్ని కార్బురేటర్లలో ఆ క్షణానికి అదనంగా పెట్రోలు చిమ్మే చిన్న పంపు ఉంటుంది. నీ దాంట్లో లేదు. కాబట్టి కొంత నీ మణికట్టు నేర్చుకోవాలి. మిగతాది బండి బాగుచేసుకోవాలి.

ఆ తడబాటు పెట్రోలు తక్కువై వస్తోందా, ఎక్కువై వస్తోందా అన్నది తర్వాతి ప్రశ్న. దీనికి డబ్బు ఖర్చు లేదు. బండి బాగా వేడెక్కాక, చోక్ లివరు కొంచెం వేసి, అదే గీత దగ్గర మళ్ళీ తిప్పి చూడు. తడబాటు తగ్గితే పెట్రోలు తక్కువ. ఇంకా ముదిరి, గుడగుడలాడి, నల్లపొగ కక్కితే పెట్రోలు ఎక్కువ. చల్లగా ఉన్నప్పుడు మొండికేసి, వేడెక్కేకొద్దీ దారికొచ్చే బండికి తిండి చాలడం లేదు. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కాక మూలిగేదానికి ఎక్కువైంది. చెవి కూడా చెప్తుంది. తక్కువైన బండి కార్బురేటర్‌లోంచి తుమ్ముతుంది. ఎక్కువైనది గొంతులో గంజి అడ్డుపడినట్టు నీళ్ళు నములుతుంది.

నా అనుమానం చెప్పనా? నీ వీడియోలో, ఎక్సలేటర్ వదిలాక ఇంజను వెంటనే స్లోకి దిగడం లేదు. రెండు మూడు సెకన్లు పైనే వేలాడి, తర్వాత మెల్లగా దిగుతోంది. నువ్వు పంపిన ప్లగ్గు ఫోటోలో పింగాణీ తెల్లగా ఉంది, కాఫీపొడి రంగు రాలేదు. రెండూ ఒకే మాట చెప్తున్నాయి, తిండి చాలడం లేదని. పైలట్ దారి మూసుకుపోయి ఉండాలి, లేదా ఎక్కడో దొంగగాలి, లేదా రెండూ. బావ పోయాక మూడేళ్ళు ఆ బండి వరండాలో టార్పాలిన్ కింద ఉంది. గిన్నెలో మిగిలిన పెట్రోలు ఎండి బంకలా మారుతుంది. మొదట మూసుకుపోయేది అన్నిటికన్నా సన్నటి దారే, అది పైలట్టే. ఆ మూడేళ్ళలో నేను నెలకోసారి వచ్చి స్టార్టు చెయ్యాల్సింది. ట్యాపు మూసి గిన్నె ఖాళీ చేసినా సరిపోయేది. బండి చూస్తే ఆయన గుర్తొస్తాడని రాలేదు. అదీ నా తప్పే.

అయినా నా అనుమానాన్ని నమ్మి తిన్నగా కార్బురేటర్ విప్పకు. వీడియో చూసి వైద్యం చేసేవాణ్ణి నమ్మొద్దు, మావయ్యనైనా సరే.

దొంగగాలి ముందు చూడు. అత్తయ్య ఇస్త్రీకి వాడే నీళ్ళ స్ప్రే లాంటిది ఒకటి చాలు. బండి స్లోలో ఆడుతుండగా కార్బురేటరూ హెడ్డూ కలిసే చోట చుట్టూ సన్నగా చిమ్ము. ఇంజను శబ్దం మారిందా, అక్కడే సందు ఉంది. కొందరు కార్బ్ క్లీనర్ చిమ్ముతారు. అది ఇంకా గట్టిగా చెప్తుంది గానీ వేడి సైలెన్సర్ మీద పడితే మంటంటుకుంటుంది. నువ్వు నీళ్ళతోనే చూడు. సందు దొరికితే కార్బురేటర్ ఊడదీసి, అంచుని అద్దం పలక మీద పెట్టి చూడు. ఊగితే వంగినట్టు. సన్నటి ఎమ్రీ కాగితం అద్దం మీద పరిచి, ఎనిమిది అంకె తిప్పినట్టు మెల్లగా రుద్దితే సమానమవుతుంది. ఓ-రింగు కొత్తది వెయ్యి, ప్యాకింగ్ కొత్తది వెయ్యి. నట్లు ఒకటి కొంచెం, ఇంకోటి కొంచెం, మార్చి మార్చి బిగించు. చిన్న స్పానర్, రెండు వేళ్ళ బలం. అక్కడ నన్ను గుర్తుచేసుకో.

తర్వాత కరెంటు. ఇది నవ్వులాట కాదు, కార్బురేటర్‌ని తిడుతూ నా షెడ్డుకొచ్చిన బండ్లలో ఎన్నింటికో జబ్బు ప్లగ్గుకి నిప్పు పంపే పాయింట్లలో ఉండేది. స్లోలో బాగా ఆడే బండి తిప్పగానే ఎందుకు తప్పుతుందంటే, ఎక్సలేటర్ తెరవగానే సిలిండర్ నిండుగా నిండుతుంది, లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిలో ప్లగ్గు దగ్గర నిప్పు దూకడం కష్టం. నీరసంగా ఉన్న కాయిలూ కండెన్సరూ స్లోలో నెట్టుకొస్తాయి, తెరవగానే చేతులెత్తేస్తాయి. పాయింట్లు పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు ఉండాలి, ఫీలర్ గేజ్ పెట్టి చూడు. చీకట్లో మూత తీసి బండి ఆడించు. పాయింట్ల మధ్య పెద్దగా మెరుపులు కొడుతుంటే కండెన్సర్ మార్చు. ఆ పాయింట్ల ప్లేటు వెనక రెండు చిన్న బరువులుంటాయి, ఇంజను వేగం పెరిగేకొద్దీ అవి విచ్చుకుని నిప్పుని ముందుకు జరుపుతాయి. మూడేళ్ళు కదలని బండిలో అవి తుప్పుకి పట్టేసి ఉండొచ్చు. వేళ్ళతో విప్పితే విచ్చుకుని స్ప్రింగు లాగితే వెనక్కి రావాలి. ఒక్క చుక్క నూనె, అంతకు మించి వద్దు. నూనె పాయింట్ల మీద పడితే కొత్త తంటా.

టాపెట్లు ఒకసారి చూసుకో, చల్లటి ఇంజను మీద. పుష్‌రాడ్లు వేళ్ళతో తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు. ట్యాంకు నుంచి పెట్రోలు సీసాలోకి పట్టి, ధార ఆగకుండా వస్తోందా, తుప్పు పొడి వస్తోందా చూడు.

ఇక పైలట్ జెట్టు. ఊడదీయడానికి స్క్రూడ్రైవర్ మొన జెట్టు గాడిలో నిండుగా కూర్చోవాలి, వదులుగా ఉన్నది పెట్టి తిప్పావా ఇత్తడి చెవులు అరిగిపోతాయి. వెలుతురుకి ఎత్తి చూడు. గుండ్రటి చుక్క వెలుగు కనబడాలి. కనబడకపోతే కార్బ్ క్లీనర్‌లో నానబెట్టి, పంక్చర్ షాపులో గాలి కొట్టించు. ఇంకా మొండికేస్తే కరెంటు వైరులోంచి ఒక్క సన్నటి రాగి పోగు లాగి దానితో పొడువు. గుండుసూది, గిటారు తీగ, ఇనపది ఏదీ పెట్టకు. నేను పెట్టాను. షెడ్డు పెట్టిన మొదటేడు, ఒక ముసలాయన జావాకి. ఇత్తడి మెత్తన కదా, రంధ్రం పెద్దదైపోయింది. కంటికి తేడా తెలీదు. బండి మాత్రం ఆ రోజు నుంచి పొగ కక్కుతూ పెట్రోలు తాగింది, ఆయన జేబు నా వల్ల ఖాళీ అయింది. నాకు విషయం అర్థమయ్యేసరికి ఆయన బండి అమ్మేసుకున్నాడు. నీ బండిలో జెట్టు 25 నంబరు. అది పాడైందనిపిస్తే పుత్లీబౌలిలో కొత్తది దొరుకుతుంది. పాతది చేతిలో పట్టుకుని వెళ్ళు, నంబరు పోల్చి చూసుకుని తీసుకో. జెట్టు ఒక్కటీ శుభ్రం చేసి ఊరుకోకు, అది కూర్చునే దారిలో, స్లైడు కింద కనబడే చిన్న రంధ్రంలో కూడా స్ప్రే కొట్టి, అటువైపు నుంచి రావడం కళ్ళారా చూడు. ఆ స్ప్రే కళ్ళలో పడితే చాలా మంట, అద్దాలు పెట్టుకో.

బిగించాక గాలి స్క్రూ. ఎయిర్ ఫిల్టర్ వైపు ఉండే చిన్న స్క్రూ అది. లోపలికి బిగిస్తే గాలి తగ్గి పెట్రోలు పాలు పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది. మెల్లగా తాకేదాకా బిగించి, ఒకటిన్నర చుట్టు బయటికి తిప్పి మొదలుపెట్టు. వేడి ఇంజను మీద పావు చుట్టు చొప్పున తిప్పుతూ, ఎక్కడ స్లో ఎక్కువగా, నున్నగా ఆడుతుందో అక్కడ ఆపు. స్లో మరీ ఎక్కువైతే రెండోది, స్లో స్క్రూతో దించు. ఒక చుట్టు కూడా రాకుండానే బాగుందంటే పైలట్ ఇంకా చిన్నదిగా ఉంది, లేదా గాలి ఎక్కడో దూరుతోంది. రెండున్నర దాటినా ఇంకా బయటికే అడుగుతుంటే జెట్టు పెద్దది. ఒక్కసారికి ఒక్కటే మార్చు తల్లీ. స్క్రూ, సూది, పాయింట్లు కలిపి ఒకే పూట మార్చావంటే, బాగైనా దేనివల్ల బాగైందో తెలీదు, పాడైనా దేనివల్లో తెలీదు. మార్చిన ప్రతిదీ తేదీ వేసి నోటుబుక్కులో రాసుకో. మీ నాన్నకి ఆ అలవాటుండేది, నీకూ చేతిరాత ఆయనదే వచ్చింది.

ఇంకో సంగతి, మా రోజుల్లో లేనిది. ఇప్పుడు బంకుల్లో పోసేదాంట్లో 20 శాతం ఇథనాల్. పెట్రోలు ఒక పాలు కాలడానికి దాదాపు 14.7 పాళ్ళ గాలి కావాలి, బరువు లెక్కన. ఇథనాల్‌కి 9 చాలు. ఇరవై శాతం కలిస్తే ఆ లెక్క పదమూడున్నర దగ్గరికి దిగుతుంది. అంటే 1989లో నీ బండికి మామూలు పెట్రోలు లెక్కన పెట్టిన జెట్లన్నీ ఇప్పుడు కాస్త చిన్నవైపోయినట్టే. అప్పుడు సరిగ్గా సరిపోయిన బండి ఇప్పుడు అన్నిచోట్లా కొంచెం ఆకలితో ఉంటుంది, ఆ ఆకలి బయటపడేది తిప్పిన క్షణంలోనే. అన్నీ శుభ్రం చేశాక కూడా పావు దాటాక చిన్న తడబాటు మిగిలితే, సూది క్లిప్పు ఒక గాడి కిందికి దించు. క్లిప్పు కిందికి వెళ్తే సూది పైకి లేస్తుంది, పెట్రోలు పెరుగుతుంది. ఇక్కడ అందరూ తారుమారు పడతారు, కాగితం మీద బొమ్మ గీసుకుని చెయ్యి. ఆ ఇథనాల్ పాత రబ్బరుని ఉబ్బిస్తుంది, నీళ్ళని పీల్చుకుంటుంది. పెట్రోలు పైపు, ఫ్లోటు సూది కొత్తవి వేసుకో. రెండు వారాలు బండి తీయనంటే ట్యాపు మూసి, గిన్నెలో పెట్రోలు అయిపోయేదాకా ఆడించి ఆపు.

స్లైడు మళ్ళీ లోపల పెట్టేటప్పుడు కోసిన వైపు ఎయిర్ ఫిల్టర్ వైపుండాలి. బలవంతం చెయ్యకు, గాడి కుదిరితే అదే జారుతుంది. స్టార్టు చేసే ముందు గ్రిప్పు తిప్పి వదులు, స్లైడు టక్కున కిందపడే శబ్దం వినాలి. వినబడకపోతే కిక్ కొట్టొద్దు. తెరుచుకుని ఇరుక్కున్న స్లైడుతో బండి లేస్తే ఏమవుతుందో నీకు నేను చెప్పక్కర్లేదు.

ఇవన్నీ గది లోపల చెయ్యకు, బయట చెయ్యి, పక్కన ఇసక బకెట్టు పెట్టుకో. ఇంజను పూర్తిగా చల్లారాకే పెట్రోలు పైపు ముట్టుకో. నువ్వు ఒక్కదానివే కూర్చోకు, ఆ పక్కింటి అమ్మాయిని పిలువు. రాత్రి పదింటికి మొదలుపెట్టకు. అలసిపోయిన చేత్తో బిగించిన నట్టే రోడ్డు మీద ఊడిపోతుంది. అన్నం తిని చెయ్యి.

పార్శిల్ మంగళవారం పంపిస్తున్నా. అందులో ఫీలర్ గేజ్, పైలట్ జెట్టు ఊడదీసే నా పాత స్క్రూడ్రైవర్, రెండు ఓ-రింగులు, ప్యాకింగ్ ముక్క ఉన్నాయి. మీ అత్తయ్య గోంగూర పచ్చడి సీసా పెట్టింది, గుడ్డలో చుట్టాం, పైది ముందు తియ్యి. గేదె సంగతి మీ అమ్మకి నేనే చెప్తాను. వచ్చే ఆదివారం అక్కడికి వెళ్ళి, ఎదురుగా కూర్చుని చెప్తా. అప్పటిదాకా నీ దగ్గరే ఉంచు. తర్వాత నువ్వు ఫోను చేసి, అమ్మ ఎట్లా ఉందో కనుక్కో.

ఒక్క మాట మిగిలింది. టేపు అంటించే ముందు ఆ క్లాంపుని కిరసనాయిల్‌తో తుడవకు. బండికి రంగు వేయించినప్పుడు ఆ ఒక్క ముక్కనీ వదిలెయ్యమని చెప్పాను. ఇన్నేళ్ళ జిడ్డు పట్టి ఉంటుంది. గోరుతో మెల్లగా గీకి చూడు. ఆకుపచ్చ కనిపిస్తే టేపు అక్కర్లేదు.

నీ మావయ్య